బొబ్బట్టు మూడో లంఘనం

బెల్లంకుర్తి పురపాలక సంఘానికి కొత్త కమిషనరు గారు వచ్చిన మూడో నెలలో, ఊళ్ళో కుక్కలు గోడలు దూకకూడదని తీర్మానం అయింది.

అంతకు ముందు కుక్కలు గోడలు దూకుతున్నాయని ఆ ఊళ్ళో ఎవరూ ఫిర్యాదు చేసినవాళ్ళు లేరు. కమిషనరు గారు ఏదో శిక్షణకని విదేశం వెళ్ళి, అక్కడున్న వారం రోజుల్లో ఒక్క కుక్క కూడా గోడ దూకుతూ కనిపించలేదని గమనించి, ఆ సంగతి మనసులో పెట్టుకుని వచ్చారు. ఆయన చూసిన పేటలో ఇళ్ళకి గోడలే లేవన్న వివరం మాత్రం నివేదికలోకి ఎక్కలేదు. తిరిగి వచ్చిన పదిరోజులకల్లా ‘లంఘన రహిత పురం’ అనే పథకం తయారైంది. ప్రతి కూడలిలోనూ ‘మన కుక్క – మన గోడ – మన గౌరవం’ అని పసుపు బోర్డులు వెలిశాయి. పెంపుడు కుక్క ఇంటి ప్రహరీ దాటితే అది ఒక లంఘనం. మొదటి లంఘనానికి హెచ్చరిక, రెండోదానికి తుది హెచ్చరిక, మూడోదానికి కుక్కని జిల్లా కేంద్రంలో ఉన్న శునక సత్ప్రవర్తన కేంద్రానికి తరలిస్తారు. మరి వీధి కుక్కల మాటేమిటని కౌన్సిల్ సమావేశంలో ఎవరో అడిగారు. గోడ లేని కుక్కకి గోడ దూకే వీలే లేదు కనక, వీధి కుక్కలు స్వభావరీత్యానే లంఘన రహితాలని కమిషనరు గారు వివరించారు. ఆ లెక్కన పథకం మొదలవకముందే ఊరు తొంభై శాతం విజయం సాధించింది.

కోదండపాణికి ఈ పథకం మొదట్లో బాగా నచ్చింది. అతను జిల్లా పరిషత్ హైస్కూల్లో సాంఘిక శాస్త్రం మాస్టారు. పౌరుల బాధ్యతలు అనే పాఠం ఇరవై ఆరేళ్ళుగా చెబుతున్నాడు, చెప్పినవన్నీ చేస్తున్నాడు కూడా. మనిషన్నవాడు లేని వీధిలో సైకిలు మలుపు తిప్పినా చెయ్యి చాపి సూచన ఇస్తాడు. ఒకసారి జనాభా లెక్కలవాళ్ళు తమ ఇంటికి రావడం మరిచిపోతే, వాళ్ళని వెతుక్కుంటూ వెళ్ళి తననీ భార్యనీ లెక్కలో వేయించుకుని వచ్చాడు. లంఘన నిబంధనలు పేపర్లో పడ్డ రోజున శ్రద్ధగా కత్తిరించి బడి నోటీసు బోర్డుకి అంటించాడు. నాలుగో రోజు సాయంత్రం ఇంటికొచ్చేసరికి అవే నిబంధనలు తన గేటుకి అంటించి ఉన్నాయి. కింద ఎర్ర సిరాతో ‘మొదటి లంఘనం’ అని రాసి, గుండ్రటి ముద్ర కొట్టారు.

ఆ ఇంటి కుక్క పేరు బొబ్బట్టు. జాతి గురించి గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు, నాటు కుక్క. పెనం మీద నెయ్యి వేసి కాల్చిన రంగు, మడతపడ్డ ఎడమ చెవి. మూడేళ్ళ కిందట ఒక వేసవి మధ్యాహ్నం బడి దగ్గర్నుంచి కోదండపాణి సైకిలు వెంట నడిచి వచ్చి, వాకిట్లో కూర్చుని, అతని భార్య హైమవతి పెట్టిన మజ్జిగన్నం తిని, ఇక వెళ్ళలేదు. పిల్లలు లేని ఇల్లు. మొగుడూ పెళ్ళాలు మాట్లాడుకోవాల్సినవన్నీ ఎప్పుడో మాట్లాడేసుకున్నారు. బొబ్బట్టు వచ్చాక మళ్ళీ మాటలు మొదలయ్యాయి. దానికి ఒంట్లో ఎలా ఉంది, ఇవాళ ఎందుకు తక్కువ తింది, ఆ మూలుగు ఆకలిదా అలకదా అని రోజుకో చర్చ నడిచేది.

దానికి ఒక్కటే అలవాటు. రోజూ పదకొండు దాటాక పెరటి గోడ మీదికి ఒక్క గెంతు గెంతి, అవతలకి దూకి, ఎటో వెళ్ళేది. మూడయ్యేసరికి వచ్చేసేది. ఎవరినీ కరిచింది లేదు, ఎవరి ఇంట్లోనూ మూతి పెట్టింది లేదు. ఎక్కడికి వెళ్తోందో కోదండపాణికి తెలీదు, ఆ వేళకి అతను బళ్ళో ఉంటాడు. పనుండే వెళ్తోందిలే అనుకుని హైమవతి కూడా అడ్డు చెప్పలేదు.

మర్నాడు కోదండపాణి ఒక పూట సెలవు పెట్టి, పది కొట్టకముందే పురపాలక కార్యాలయానికి వెళ్ళాడు. శునక లంఘన నియంత్రణాధికారిగా మార్తాండం అనే ఆయన్ని వేశారు. పొడుగాటి మనిషి, చేతిలో స్టీలు క్యారేజీ. అంతకు ముందు పన్నెండేళ్ళు జనన మరణాల విభాగంలో పని చేశాడు. పుట్టినవాళ్ళ గురించీ పోయినవాళ్ళ గురించీ రాయడమే తప్ప, మధ్యలో ఉన్నవాళ్ళతో మాట్లాడే అలవాటు తప్పిపోయింది. కోదండపాణి చెప్పిందంతా కాగితం చదువుతున్నట్టు విని, సదరు శునకం తాలూకు ప్రహరీ నాలుగడుగులే ఉన్నదనీ, శునకం గల గృహములకు ప్రహరీ ఏడడుగులకు తక్కువ కానిదై ఉండవలెననీ చెప్పాడు. గొలుసుతో కట్టేస్తే సరిపోదా అని కోదండపాణి అడిగాడు. పగటిపూట గంటకు మించి కట్టేస్తే అది క్రూరత్వం కిందికి వస్తుందనీ, క్రూరత్వం వేరే విభాగమనీ అన్నాడు. సత్ప్రవర్తన కేంద్రానికి పంపిన కుక్కని తిరిగి ఎప్పుడు ఇస్తారని అడిగితే మాత్రం మార్తాండం కాసేపు ఆలోచించాడు.

“చేర్చుకొనుటకు ఫారం ఉన్నది. తిరిగి అప్పగించుటకు ఫారం ఇంకా అచ్చు కాలేదు” అన్నాడు.

కోదండపాణి ఆ సాయంత్రమే సూరిబాబు మేస్త్రీని పిలిచాడు. వారం తిరక్కుండా పెరటి గోడ ఏడడుగులు లేచింది. పెరట్లో ఎండ పోయింది. హైమవతి ఆరేసిన చీరలు సాయంత్రానికి కూడా తడిగానే ఉండేవి. బొబ్బట్టు పదకొండింటికి గోడ దగ్గరికి వెళ్ళి, పైకి చూసి, తల ఒక పక్కకి వంచి, మళ్ళీ చూసి, వచ్చి తులసికోట పక్కన పడుకునేది. సిమెంటు ఇంకా ఆరకముందే గేటు మీద మరో నోటీసు పడింది. ఈసారి అది పట్టణ ప్రణాళికా విభాగం వారిది. నివాస గృహముల వెనుక ప్రహరీ అయిదడుగులకు మించరాదనీ, మించిన భాగము పదిహేను రోజుల్లో తొలగించని యెడల మొత్తం గోడని తామే తొలగిస్తామనీ అందులో ఉంది.

రెండు నోటీసులూ పట్టుకుని కోదండపాణి మళ్ళీ కార్యాలయానికి వెళ్ళాడు. పట్టణ ప్రణాళిక సూపర్‌వైజరు త్రినాథరావు కూర్చునేది మార్తాండం గదిలోనే. ఇద్దరి కుర్చీల వీపులూ ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. ఒకరు దగ్గితే రెండోవారి కుర్చీ కదులుతుంది. అయినా మార్తాండం విభాగం నుంచి త్రినాథరావు విభాగానికి ఉత్తరం వెళ్ళాలంటే కింద అంతస్తులో నంబరు పడి, కమిషనరు పేషీ మీదుగా తిరిగి రావడానికి పదకొండు రోజులు పడుతుంది. ఏడడుగుల గురించి మార్తాండం రాసిన ఉత్తరం ఇంకా దార్లో ఉంది. ఇద్దరూ ఒక్కసారి వెనక్కి తిరిగి మాట్లాడుకుంటే సరిపోతుంది కదా అని కోదండపాణి వినయంగానే సూచించాడు.

“తిరిగితే అది మౌఖికం అవుతుంది మాస్టారూ. మౌఖికానికి విలువ లేదు” అన్నాడు త్రినాథరావు, తిరక్కుండానే.

మార్తాండం మాత్రం నిబంధనల పుస్తకం తీసి మొదట్నుంచీ చివరిదాకా చదివాడు. చదివేకొద్దీ అతని ముఖం విప్పారింది. ప్రణాళికా విభాగం వారు గోడ ఎత్తుని వీధి వైపు నుంచి కొలుస్తారు. శునక విభాగం వారు కుక్క ఉన్న వైపు నుంచి కొలుస్తారు. గోడ అయిదడుగులే ఉంచి, లోపల పెరటి నేలని రెండడుగులు దించితే బయట అయిదు, లోపల ఏడు. ఇద్దరి నిబంధనలూ నెరవేరతాయి. ఈ పరిష్కారం చెప్పి మార్తాండం మొదటిసారి నవ్వాడు. కోదండపాణికి కూడా, ఒక్క నిమిషం పాటు, అది చాలా తెలివైన మాటగానే తోచింది.

ఆ సంగతి ఇంట్లో చెప్పినప్పుడు హైమవతి చేస్తున్న పని ఆపి భర్త వైపు చూసింది.

“గోడ ఎత్తమన్నారు, ఎత్తాం. దించమన్నారు, దించుతాం. ఇప్పుడు నేలని దించమంటున్నారు. రేపు ఆకాశం ఇంకాస్త ఎత్తమంటే ఏ మేస్త్రీని పిలుస్తారండీ?” అంది.

నిబంధన నిబంధనే కదా అన్నాడు కోదండపాణి. ఆ మాట బళ్ళో అన్నంత గట్టిగా రాలేదు.

సూరిబాబు మనుషులు గోడ రెండడుగులు కొట్టేసి, పెరడంతా తవ్వడం మొదలుపెట్టారు. కరివేపాకు చెట్టు జోలికి వస్తే ఊరుకోనని హైమవతి చెప్పడంతో, దాన్నీ తులసికోటనీ నడిమధ్యన దిబ్బల మీద వదిలేశారు. తవ్వుతున్నంతసేపూ బొబ్బట్టు ఆనందానికి అంతులేదు. ఆ ఇంట్లో మనుషులు ఇన్నాళ్ళకి ఒక పనికొచ్చే పని చేస్తున్నారని దానికి అనిపించి ఉంటుంది, తనూ ఒక మూల నుంచి తవ్వింది. తవ్విన మన్ను గోడవారన పోశారు. రెండో రోజు పదకొండింటికి అది మన్నుకుప్ప ఎక్కి, గోడ మీద కాలు పెట్టి, అవతలకి దిగిపోయింది. వీధి చివర పసుపు టోపీ పెట్టుకుని కూర్చున్న లంఘన మిత్ర, దూకిన కుక్కల లెక్క రాయడానికి పురపాలక సంఘం వేసిన మనిషి, వెంటనే రాసుకున్నాడు. గేటు మీద తుది హెచ్చరిక పడింది.

మన్నంతా బండి మీద తోలించేశాక పెరడు నిబంధనలకి పూర్తిగా సరిపోయింది. మార్తాండం టేపు పంపి కొలిపించి, లోపల ఏడడుగుల అరంగుళం ఉన్నదని సంతృప్తి వెలిబుచ్చుతూ కాగితం ఇచ్చాడు. ఇక బొబ్బట్టు ఎక్కడికీ వెళ్ళలేకపోయింది.

మొదటి నాలుగు రోజులూ అది పదకొండింటికి గోడకి ఎగిరి, గోళ్ళతో గీరి, జారి పడేది. తరవాత ఎగరడం మానేసింది. ఆ వేళకి వెళ్ళి గోడ కింద కూర్చుని, ముక్కు పైకెత్తి వాసన చూసేది. మజ్జిగన్నం పెడితే ఒకటి రెండు ముద్దలు మర్యాదకి తినేది. కోదండపాణి బడి నుంచి రాగానే వాకిట్లోకి పరిగెత్తుకొచ్చే కుక్క, ఇప్పుడు ఉన్నచోటు నుంచే తోక ఒకసారి ఆడించి ఊరుకునేది. వాడు ఎవరికోసమో బెంగ పెట్టుకున్నాడండీ అంది హైమవతి. కుక్కకి మనం కాక ఇంకెవరున్నారని కోదండపాణి కసిరాడు. కసిరాక, ఆ మాట తనకే బాగోలేదనిపించి, మెట్లు దిగి పెరటి గోతిలోకి వెళ్ళి దాని పక్కన కూర్చున్నాడు. కింద నుంచి చూస్తే గోడ చాలా ఎత్తుగా కనిపించింది.

శ్రావణంలో వానలు పట్టుకున్నాయి. పెరట్లో మోకాటి లోతు నీళ్ళు నిలిచాయి. దారినపోతూ అది చూసిన జల సంరక్షణ విభాగం వారు ఆగి లోపలికి వచ్చారు. సొంత ఇంట్లో, ఎవరూ అడక్కుండా, పెరడు మొత్తాన్ని ఇంకుడు గుంతగా మార్చిన పౌరుణ్ణి తాము ఇంతవరకూ చూడలేదని కోదండపాణి చెయ్యి పట్టుకుని ఊపారు. అతను చెప్పేది వాళ్ళు వినలేదు. ప్రశంసాపత్రం గేటుకి తగిలించారు. అదే గేటుకి, అదే రోజు సాయంత్రం, ఇంటి ఆవరణలో నీరు నిలవ ఉంచి దోమల్ని పెంచుతున్నందుకు సంజాయిషీ కోరుతూ మలేరియా విభాగం వారు నోటీసు అంటించారు. హైమవతి రెండిటినీ పక్కపక్కన పెట్టి చదువుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆదర్శ ఇంకుడు గుంతని కమిషనరు గారే స్వయంగా ఆవిష్కరిస్తానన్నారు. ఆవిష్కరించడానికి ఏదో ఒకటి ఉండాలి కనక మూడడుగుల గ్రానైటు ఫలకం చేయించి, దానికి సిమెంటు దిమ్మ కట్టి, పెరట్లో గోడకి ఆనించి నిలబెట్టారు. దాని మీద కమిషనరు గారి పేరు పెద్ద అక్షరాల్లోనూ, నీటి ప్రాముఖ్యం చిన్న అక్షరాల్లోనూ చెక్కించారు. కమిషనరు గారు గొడుగు కింద నిలబడి తెర లాగి, ఈ ఇంట్లో ఒకే గోతితో రెండు లక్ష్యాలు సాధించామని చెప్పి, చప్పట్ల మధ్య వెళ్ళిపోయారు. బొబ్బట్టు కరివేపాకు దిబ్బ మీద కూర్చుని కార్యక్రమం మొత్తం చూసింది. ముఖ్యంగా ఫలకాన్ని చూసింది.

మర్నాడు వాన మూలాన బళ్ళకి సెలవు ఇచ్చారు, ఆఫీసులకి ఇవ్వలేదు. కోదండపాణి వెనక వరండాలో కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతుండగా పదకొండు దాటింది. బొబ్బట్టు దిబ్బ మీద నుంచి లేచి, ఒళ్ళు విరుచుకుని, నీళ్ళలో దిగి, ఈదుకుంటూ ఫలకం దగ్గరికి వెళ్ళింది. దిమ్మ మీద ముందుకాళ్ళు పెట్టి ఎక్కి, అక్కణ్ణుంచి ఫలకం మీదికి గెంతి, కమిషనరు గారి పేరు ఉన్నవైపు వెనకకాళ్ళు తన్ని గోడ దాటేసింది.

కోదండపాణి చేతిలో ఎర్ర పెన్ను అలాగే ఉండిపోయింది. అది మూడోది. వానకి లంఘన మిత్ర రాలేదు, వీధిలో ఎవరూ లేరు. చూసింది తనొక్కడే. యజమాని స్వయంగా చూసిన లంఘనాన్ని ఇరవై నాలుగు గంటల్లో తెలియజేయవలెనని నిబంధనల్లో ఉన్నట్టు అతనికి తెలుసు. తనే కత్తిరించి అంటించాడు. గొడుగు తీసుకుని, చెప్పులు ఏవి వేసుకున్నాడో చూసుకోకుండా, కుక్క వెనకాల బయలుదేరాడు. దొరికితే వెనక్కి తెచ్చేద్దామా, వెళ్ళి చెప్పేద్దామా అన్నది దారిలో తేల్చుకుందామనుకున్నాడు.

బొబ్బట్టు ఎక్కడా ఆగలేదు. మార్కెట్లో మాంసం కొట్ల ముందు నుంచి తల తిప్పకుండా వెళ్ళింది. కాలవ వంతెన దాటింది. గంటస్తంభం దగ్గర ఎడమవైపు తిరిగింది. చివరికి పురపాలక కార్యాలయం వెనక గేటులోంచి లోపలికి వెళ్ళి, మెట్లెక్కి, వరండాలో నీళ్ళు విదిలించుకుని, మధ్యాహ్నపు విరామం వేళకి మార్తాండం గదిలోకి నడిచి వెళ్ళింది.

కోదండపాణి గుమ్మంలో నిలబడిపోయాడు. గదిలో మార్తాండం ఒక్కడే ఉన్నాడు. త్రినాథరావు అన్నానికి ఇంటికి వెళ్ళినట్టున్నాడు. బల్ల మీద క్యారేజీ విప్పి ఉంది. ఒక గిన్నె మూతలో పెరుగన్నం సగం తీసి పక్కన పెట్టి ఉంది. మార్తాండం కాగితం లేకుండా, మామూలు గొంతుతో మాట్లాడుతున్నాడు. ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయావురా, లారీ కింద పడ్డావనుకున్నాను, పశువుల ఆస్పత్రిలో కూడా అడిగాను తెలుసా అంటున్నాడు. బల్ల కింద తోక నేలకి కొట్టుకుంటున్న చప్పుడు వినిపించింది.

తలెత్తి కోదండపాణిని చూసి మార్తాండం గొంతు సవరించుకున్నాడు.

“రండి మాస్టారూ. సదరు శునకం పరిస్థితి ఎలా ఉన్నది?”

“మీ కాళ్ళ దగ్గరే ఉందండీ” అన్నాడు కోదండపాణి.

మార్తాండం అల్మైరాలోంచి ఫైలు తీసి, వంగి బల్ల కిందికి చూస్తూ ఆనవాళ్ళు ఒక్కొక్కటే చదివాడు. గోధుమ రంగు. ఎడమ చెవి మడత. అక్కడితో ఆపి ఫైలు మూసి, తామందరూ దీన్ని గుమాస్తా అని పిలుస్తామని చెప్పాడు. రెండేళ్ళ కిందట బదిలీ మీద ఈ ఊరు వచ్చాడట. కుటుంబం ఇంకా పాత ఊళ్ళోనే ఉంది. మెస్సు నుంచి క్యారేజీ వస్తుంది గానీ, అన్నం ఒక్కడే కూర్చుని తినడం అతనికి ఏనాడూ చేతకాదు. ఒకరోజు క్యారేజీ మూత పెట్టేయబోతుంటే ఈ కుక్క వచ్చి ఎదురుగా కూర్చుంది. ఆ రోజు నుంచీ ఇద్దరూ కలిసే తింటున్నారు. ఇది రావడం మానేసిన ఈ నెలన్నరా క్యారేజీ సగానికి సగం వెనక్కే పోయింది.

“కట్టించింది నేనే” అన్నాడు చివరికి. “ఏడడుగులు.”

కోదండపాణి ఇప్పుడు చెప్పకుండా ఉండలేకపోయాడు. ఇవాళ్టిది మూడో లంఘనమనీ, తను కళ్ళారా చూశాననీ, తెలియజేయడానికే వచ్చాననీ చెప్పాడు. ఎక్కడి నుంచి దూకిందని మార్తాండం అడిగాడు. ఫలకం మీద నుంచి అని చెప్పాడు. కమిషనరు గారి పేరున్న ఫలకమేనా అని మార్తాండం మళ్ళీ అడిగి, లేచి కిటికీ దాకా వెళ్ళి వచ్చి కూర్చున్నాడు. దూకింది కుక్కే అయినా దూకడానికి ఆధారం పురపాలక సంఘానిది. ఫలకం తప్పని రాయడానికి వీల్లేదు, కుక్క తప్పని రాయడానికి చెయ్యి రావడం లేదు. మళ్ళీ నిబంధనల పుస్తకం బయటికి వచ్చింది. ఈసారి చదవడానికి ముప్పావు గంట పట్టింది. ఈలోగా బొబ్బట్టు మూత నాకేసి, ఇద్దరి మధ్యా పడుకుని నిద్రపోయింది.

పద్నాలుగో నిబంధన మూడో ఉపనిబంధన ప్రకారం, ప్రభుత్వ విధుల్లో ఉన్న శునకములకు లంఘన నిషేధం వర్తించదు. మార్తాండం అక్కడికక్కడే ఒక దరఖాస్తు తయారుచేశాడు. సదరు శునకం రెండేళ్ళుగా క్రమం తప్పక కార్యాలయమునకు హాజరగుచున్నదనీ, గోడ దాటుట విధి నిర్వహణలో భాగమనీ అందులో రాసి, యజమాని సంతకం దగ్గర వేలు పెట్టి చూపించాడు.

కోదండపాణి పెన్ను పట్టుకుని చాలాసేపు ఆలోచించాడు. నిజం కానిది రాసి అతను ఏనాడూ సంతకం పెట్టలేదు. బల్ల మీద క్యారేజీ గిన్నెలన్నీ ఖాళీగా ఉన్నాయి, ఒక్క మెతుకు మిగల్లేదు. ఎదటి మనిషి చేత కడుపునిండా అన్నం తినిపించడం ఉద్యోగం కాదా, ఈ భవనంలో ఇంతకన్నా ముఖ్యమైన పని ఎవరు చేస్తున్నారు అనుకున్నాడు. సంతకం పెట్టాడు, తేదీ వేశాడు.

కమిషనరు గారు చూసీ చూడగానే ఆమోదించారు. లంఘనాల పట్టికలో ఒకటి తగ్గడం ఆయనకి కావలసిన సంగతి. ఫలకాన్ని పెరట్లోంచి తీయించి, ముందు గేటు పక్కన పెట్టించి, రెండోసారి ఆవిష్కరించారు. బొబ్బట్టుకి మెడలో గుర్తింపు కార్డు వేశారు, హాజరు పట్టీలో రోజూ పంజా ముద్ర వేయించారు. లోపల ఏడడుగులు అలాగే ఉండిపోయాయి కనక, హైమవతి రోజూ పదకొండింటికి గేటు తీసి దాన్ని ఆఫీసుకి పంపేది. వాడికి ఉద్యోగం వచ్చింది గానీ గోడ దూకే సరదా పోయిందని ఆవిడ అనేది.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ పద్నాలుగో నిబంధన ఊరంతా పాకింది. గేటు మీద నోటీసు పడ్డ ప్రతి ఇంటివాళ్ళూ తమ కుక్కకి ఉద్యోగం ఇప్పించమని దరఖాస్తు పెట్టుకున్నారు. రెండు నెలల్లో పురపాలక సంఘంలో నలభై ఒక్క కుక్కలు విధుల్లో చేరాయి. జనన మరణాల్లో రెండు, పన్నుల విభాగంలో తొమ్మిది. పని మీద వచ్చినవాళ్ళు వీధిలోంచే కేకేసి అడిగి వెళ్ళిపోయేవారు. విధుల్లో ఉన్న కుక్కలు పనివేళల్లో బయటికి పోకుండా కార్యాలయం చుట్టూ ఏడడుగుల గోడ కట్టించారు. అది అయిదడుగులకు మించినదని త్రినాథరావు కార్యాలయానికి నోటీసు ఇచ్చాడు. మూడు వారాల చర్చల తరవాత కార్యాలయ ఆవరణని రెండడుగులు తవ్వించారు. ఊరు సంపూర్ణ లంఘన రహిత పురంగా ఎంపికైందని ఆ వారమే పేపర్లో పడింది.

వార్డు మెంబరు గారి డాబర్‌మన్‌ని శునక విభాగంలోనే వేశారు. అది మార్తాండం బల్ల కింద చోటు చూసుకుంది. మొదటి రోజే బొబ్బట్టు గుమ్మం దాకా వెళ్ళి, లోపలికి చూసి, వెనక్కి వచ్చేసింది. ఆ తరవాత హైమవతి గేటు తీసినా అది కదల్లేదు. అనుమతి లేకుండా గైరుహాజరు అయినందుకు దాని పేరున మెమో వచ్చింది. కోదండపాణి మెమో చదివి, జీవితంలో మొదటిసారి, ఒక ప్రభుత్వ కాగితానికి జవాబు ఇవ్వకుండా మడిచి సొరుగులో పడేశాడు.

డిసెంబరులో అర్ధ సంవత్సర పరీక్షలు వచ్చాయి. ఒకరోజు ఉదయం పూట పరీక్ష ముగించుకుని కోదండపాణి పన్నెండున్నరకి ఇంటికొచ్చాడు. హైమవతి చెల్లెలి ఇంటికి వెళ్ళింది. సైకిలు నిలబెడుతుంటే పెరట్లోంచి బొబ్బట్టు అరుపులు వినిపించాయి. కోపంతో అరుస్తున్నట్టు లేదు, ఎవరినో తొందరపెడుతున్నట్టు ఉంది. వెళ్ళి చూస్తే పెరటి గోడ మీద, కాళ్ళు లోపలికి వేసుకుని, క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని మార్తాండం కూర్చుని ఉన్నాడు.

వీధి వైపు గోడ అయిదడుగులే కనక, గోడవారగా పోయే మురుగుకాలవ గట్టు రాయి మీద కాలు మోపి ఎక్కగలిగాడు. ఇటువైపు దిగడానికి మాత్రం ఏడడుగులున్నాయి. కొలత అతనిదే. పావుగంట నుంచి అలాగే కూర్చున్నానని చెప్పాడు. డాబర్‌మన్ ముందు క్యారేజీ విప్పాలంటే భయంగా ఉందనీ, నాలుగు రోజులుగా మూత తీయలేదనీ, కళ్ళు తిప్పుకుని చెప్పాడు.

“గేటు తీసే ఉంది కదండీ” అన్నాడు కోదండపాణి.

“గేటులోంచి వస్తే తనిఖీ అవుతుంది మాస్టారూ. తనిఖీ అయితే నివేదిక రాయాలి. హాజరు కాని శునకం ఇంట్లో కనిపించిందని కూడా రాయాలి.”

కోదండపాణి వెళ్ళి అటక ఎక్కడానికి వాడే వెదురు నిచ్చెన భుజాన వేసుకుని తెచ్చి గోడకి ఆనించి, కింద కాలు తొక్కిపట్టి నిలబడ్డాడు. మార్తాండం ముందు క్యారేజీ అందించి, తరవాత తిరిగి, ఒక్కో మెట్టే తడుముకుంటూ దిగాడు. చివరి రెండు మెట్లూ బొబ్బట్టు కాళ్ళకి అడ్డం పడుతూనే ఉంది.

కరివేపాకు చెట్టు నీడలో ముగ్గురూ కూర్చున్నారు. హైమవతి వండి పెట్టి వెళ్ళిన గోంగూర పప్పు కోదండపాణి గిన్నెతో తెచ్చి మధ్యలో పెట్టాడు. పొద్దుటి నుంచీ పిల్లల మధ్య నిలబడి అతనికీ ఆకలిగానే ఉంది. మార్తాండం మొదటి ముద్ద కలిపి కుక్క ముందు పెట్టి, రెండోది తను తిని, కళ్ళు మూసుకుని, పప్పు అద్భుతంగా ఉందని మేడంగారికి చెప్పమన్నాడు. ఆఫీసు సంగతులు ఎవరూ ఎత్తలేదు.

చెయ్యి కడుక్కున్నాక మార్తాండం నిచ్చెన వైపు చూశాడు, బొబ్బట్టు వైపు చూశాడు. అది అప్పటికే కింది మెట్టు మీద ముందుకాళ్ళు పెట్టి, పైమెట్టు వాసన చూస్తోంది. నిచ్చెన తీసి లోపల పెట్టడానికి కోదండపాణి లేవబోయాడు. మార్తాండం అతని చెయ్యి పట్టుకుని ఆపాడు.

“నిచ్చెన గురించి నిబంధనల్లో ఎక్కడా లేదు మాస్టారూ” అన్నాడు. క్యారేజీ గిన్నెలు ఒకదాని మీద ఒకటి పేర్చి, కొక్కెం బిగించి, లేచాడు. “నేను ఎవరికీ గుర్తు చెయ్యను.”